షేర్ చేశామన్నారు, లిస్ట్ మాత్రం ఖాళీ

నల్గొండలోనూ, మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలోనూ 2023లో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. అలాంటి చోట కూర్చుని పనిచేసే ఒక చిన్న టీమ్‌ను ఊహించుకుందాం. కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉంది. నెట్‌వర్క్ వ్యవహారమంతా హెడ్డాఫీసు అకౌంట్‌లోనే నడుస్తుంది. నల్గొండ టీమ్‌కు విడిగా ఒక ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అకౌంట్ ఇచ్చి, కావాల్సిన సబ్‌నెట్‌లు, అంటే నెట్‌వర్క్‌లోని చిన్న భాగాలు, అందులోకి షేర్ చేస్తామన్నారు. సాయంత్రానికి ఫోన్ వస్తుంది.

“షేర్ చేసినం తమ్ముడూ, చూస్కో.”

“ఏం కనిపిస్తలేదన్నా. లిస్ట్ ఖాళీగ వస్తున్నది.”

“మా దగ్గరైతే యాక్టివ్ అని చూపిస్తున్నది మరి.”

ఇద్దరూ చెప్పేది నిజమే. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే క్లౌడ్, మాట్లాడుతున్నది ఒకే సబ్‌నెట్ గురించి. అయినా ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు. ఇక్కడి నుంచి రెండు మూడు రోజులు వృథా కావడం చాలా టీమ్‌లకు మామూలే. షేర్ తీసేసి మళ్లీ చేస్తారు, పర్మిషన్లు పెంచుతారు, చివరికి ఎవరో ఒకరు అడ్మిన్ యాక్సెస్ ఇచ్చేస్తారు. అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసి జవాబు చూసే తెర) ఇచ్చే ఖాళీ లిస్ట్‌కు అర్థం “ఏమీ షేర్ కాలేదు” అని కాదు. “ఈ అకౌంట్ నుంచి, ఈ రీజియన్‌లో (సర్వర్లున్న ప్రాంతంలో), ఈ వైపు నుంచి, ఈ పద్ధతిలో షేర్ అయినవి ఏమీ లేవు” అని మాత్రమే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా జవాబు ఖాళీగానే వస్తుంది. సాగర్ ఎడమ కాల్వ చివరి ఆయకట్టు రైతుకు పిల్ల కాల్వ ఎండి కనిపించినప్పుడు, పైన తూము ఎత్తలేదా, నీళ్లు మధ్యలో ఎక్కడైనా ఆగాయా అన్నది ఆ ఎండిన కాల్వను చూస్తే తెలియదు, పైకి నడుచుకుంటూ పోవాలి. ఇదీ అంతే.

షేరింగ్‌కు ఏడబ్ల్యూఎస్‌లో ఉన్న ప్రధాన సర్వీసు రిసోర్స్ యాక్సెస్ మేనేజర్. అందరూ ర్యామ్ అంటారు. 2018 చివర్లో వచ్చింది. దీనికి విడిగా చార్జీ లేదు. ఇందులో ‘రిసోర్స్ షేర్’ అనే ఒక మూట ఉంటుంది. ఆ మూటలో ఒకవైపు వస్తువులు, అంటే సబ్‌నెట్‌లు, ట్రాన్సిట్ గేట్‌వేలు (నెట్‌వర్క్‌లను కలిపేవి), డీఎన్ఎస్ రిజాల్వర్ రూల్స్ (పేర్లకు అడ్రస్ వెతికే నియమాలు) లాంటివి పెడతారు. ఇంకోవైపు ఎవరికి ఇస్తున్నారో వాళ్లను చేరుస్తారు. అది ఒక అకౌంట్ నంబర్ కావచ్చు, ఒక విభాగం కావచ్చు, మొత్తం ఆర్గనైజేషన్ (ఒక సంస్థ అకౌంట్లన్నిటినీ కలిపిన గుంపు) కావచ్చు. వస్తువు ఓనర్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఎక్కడికీ కదలదు. అవతలి వాళ్లకు దాన్ని చూసి వాడుకునే హక్కు మాత్రమే వెళ్తుంది.

(కింద కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో ఉన్నా, టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లోనే, చిన్న అక్షరాల్లో, మధ్యలో గీతలతో కొట్టాలి. ఓనర్ ఎవరో చెప్పే ‘సెల్ఫ్’, ‘అదర్-అకౌంట్స్’ అనే రెండు విలువలు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి.)

మొదట చూడాల్సింది షేరింగ్‌ను కాదు. ఏ అకౌంట్‌లో నిలబడి అడుగుతున్నామో చూడాలి. ‘ఎస్‌టీఎస్ గెట్-కాలర్-ఐడెంటిటీ’ అని కొడితే 12 అంకెల అకౌంట్ నంబర్, వాడుతున్న యూజర్ లేదా రోల్ (తాత్కాలికంగా తీసుకునే గుర్తింపు) పేరు వస్తాయి. ఈ కమాండ్‌కు ఏ పర్మిషనూ అక్కర్లేదు, ఎవరు ఆపినా ఆగదు. అందుకే గొడవ మొదలైన ప్రతిసారీ ముందు దీన్నే కొట్టడం మంచి అలవాటు. ఒకే ల్యాప్‌టాప్‌లో క్లయింట్ అకౌంట్, హెడ్డాఫీసు అకౌంట్, సొంతంగా నేర్చుకోవడానికి తెరిచిన అకౌంట్, మూడింటి ప్రొఫైల్స్ (సేవ్ చేసుకున్న లాగిన్ వివరాలు) ఉండటం ఇప్పుడు మామూలు విషయం. ప్రొఫైల్ పేరు చెప్పకుండా కమాండ్ కొడితే డిఫాల్ట్ ప్రొఫైల్ పలుకుతుంది. అది ఎవరిదో గుర్తుండదు. కమాండ్ చివర ‘--ప్రొఫైల్’ అని పేరు రాయడం కాస్త శ్రమే అయినా, ఏ జవాబు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో రేపు వెనక్కి చూసుకున్నప్పుడు తెలుస్తుంది.

తర్వాతది రీజియన్. మన ప్రాంతం వాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. అందుకని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్ 22న మొదలైంది. దాని కోసం రూ.20,761 కోట్ల పెట్టుబడి వస్తోందని 2020 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అప్పట్లో చెప్పిన స్థలాల్లో రంగారెడ్డి జిల్లా చందనవెల్లి ఒకటి, ఫ్యాబ్ సిటీ ఒకటి. మహబూబ్‌నగర్ నుంచి చూసినా, నల్గొండ నుంచి చూసినా బస్సెక్కితే పూట లోపల చేరే దూరం. సర్వర్లు ఇంత దగ్గర ఉన్నా, నెట్‌లో దొరికే పాత పాఠాలు చూసి సెటప్ చేసుకున్న ల్యాప్‌టాప్‌లో డిఫాల్ట్ రీజియన్ మాత్రం అమెరికాలోని వర్జీనియా అయి ఉంటుంది. ర్యామ్ రీజియన్‌వారీగా పనిచేస్తుంది. హైదరాబాద్ రీజియన్‌లో చేసిన షేర్ వర్జీనియాలో అడిగితే కనిపించదు, ముంబైలో అడిగినా కనిపించదు. ఎర్రర్ కూడా రాదు. చక్కగా ఖాళీ లిస్ట్ వస్తుంది, అదే అసలు టెన్షన్.

హైదరాబాద్ రీజియన్ కోడ్ ‘ఏపీ-సౌత్-2’, ముంబైది ‘ఏపీ-సౌత్-1’. చివరి అంకె ఒక్కటే తేడా. ఫోన్‌లో చెప్పుకునేటప్పుడు ఎవరు ఏది విన్నారో చెప్పలేం. ఇంకో మెలిక కూడా ఉంది. ముంబై రీజియన్ ప్రతి అకౌంట్‌లోనూ మొదటి నుంచే తెరిచి ఉంటుంది. హైదరాబాద్ అలా కాదు. 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లన్నిటిలాగే దీన్ని కూడా ప్రతి అకౌంట్‌లో విడిగా ఆన్ చేసుకోవాలి. హెడ్డాఫీసు అకౌంట్‌లో ఆన్ అయి ఉన్నంత మాత్రాన నల్గొండ టీమ్ అకౌంట్‌లో ఆన్ అయినట్టు కాదు. ఆన్ కాకపోతే ఖాళీ లిస్ట్ రాదు, టోకెన్ చెల్లదనో, గుర్తింపు కుదరలేదనో ఎర్రర్ వస్తుంది. అది చూసి పాస్‌వర్డ్ సమస్య అనుకుని కీలు (కమాండ్ లైన్ లాగిన్ కోడ్‌లు) మార్చడం మొదలుపెడతారు. కీలలో తప్పేమీ ఉండదు. కమాండ్ చివర ‘--రీజియన్ ఏపీ-సౌత్-2’ అని ప్రతిసారీ రాయడమే దీనికి మందు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (టెర్మినల్ గుర్తుంచుకునే సెట్టింగ్‌లో) పాత రీజియన్ మిగిలిపోయి ఉంటే కాన్ఫిగ్ ఫైల్‌లో ఎంత జాగ్రత్తగా రాసినా అది పక్కకు పోతుంది. కమాండ్‌లోనే రాస్తే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు అసలు కమాండ్లు. ‘ర్యామ్ గెట్-రిసోర్స్-షేర్స్’ మూటల లిస్ట్ ఇస్తుంది. ‘ర్యామ్ లిస్ట్-రిసోర్సెస్’ మూటల్లోని వస్తువుల లిస్ట్ ఇస్తుంది. ‘ర్యామ్ లిస్ట్-ప్రిన్సిపల్స్’ అవతలి పక్షం ఎవరో చెబుతుంది. మూడింటికీ ‘--రిసోర్స్-ఓనర్’ అనే మాట తప్పనిసరి. ‘సెల్ఫ్’ అంటే మనం ఇతరులకు ఇచ్చినవి. ‘అదర్-అకౌంట్స్’ అంటే ఇతరులు మనకు ఇచ్చినవి. నల్గొండ టీమ్ ‘సెల్ఫ్’ అని అడిగితే ఖాళీ రావడమే సబబు, ఎందుకంటే వాళ్లు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. హెడ్డాఫీసు వాళ్లు తమకు పనిచేసిన కమాండ్‌ను వాట్సాప్‌లో యథాతథంగా పంపిస్తే, దాన్ని ఇక్కడ అలాగే పేస్ట్ చేస్తే జరిగేది ఇదే. రెండు పక్షాలూ ఒకే కమాండ్ కొట్టకూడదు. ఇచ్చేవాళ్లది ఒకటి, పుచ్చుకునేవాళ్లది ఇంకొకటి.

అన్నీ సరిగ్గా కుదిరితే లిస్ట్‌లో ప్రతి వస్తువుకూ ఒక ఏఆర్ఎన్ (ఆ వస్తువు పూర్తి చిరునామా) వస్తుంది. కోలన్లతో విడగొట్టిన పొడవాటి వరుస అది. చాలామంది దాన్ని అలాగే కాపీ చేసి పక్కన పెట్టేస్తారు కానీ, చదవడం వస్తే సగం ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది. నాలుగో ముక్క రీజియన్, ఐదో ముక్క ఓనర్ అకౌంట్ నంబర్, చివరి ముక్క వస్తువు రకం, దాని ఐడీ. ఐదో ముక్కలో 111122223333 అని ఉండి, గెట్-కాలర్-ఐడెంటిటీ 444455556666 అని చెప్పిందనుకుందాం. అంటే వస్తువు వాళ్లది, చూస్తున్నది మనం, షేర్ పనిచేస్తోంది. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఫోన్‌లో వాదన అక్కర్లేదు. చివర ‘--క్వెరీ’ వాడి రకం, ఏఆర్ఎన్, స్టేటస్ మాత్రమే అడిగి, ‘--అవుట్‌పుట్ టేబుల్’ అని చేరిస్తే కంటికి ఆనే పట్టిక వస్తుంది. సబ్‌నెట్‌లే కావాలంటే ‘--రిసోర్స్-టైప్’తో వడగట్టవచ్చు.

స్టేటస్ కాలమ్‌ను వదిలేయకూడదు. ‘అవైలబుల్’ అని ఉంటే సరే. ‘పెండింగ్’ అంటే ఇంకా జరుగుతోంది, కాసేపు ఆగాలి. ‘లిమిట్ ఎక్సీడెడ్’ అంటే కోటా దాటింది. లిస్ట్‌లో పేరు ఉన్నంత మాత్రాన వాడుకోవచ్చని కాదు.

సబ్‌నెట్‌ల దగ్గర పేర్ల సమస్య ఒకటుంది. హెడ్డాఫీసు వాళ్లు ప్రతి సబ్‌నెట్‌కూ అందంగా పేరు ట్యాగ్ పెట్టి ఉంటారు, ‘ప్రైవేట్-యాప్-ఏ’ అనో ఇంకోటో. ఆ ట్యాగ్‌లు షేర్‌తో పాటు రావు. నల్గొండ టీమ్ ‘ఈసీ2 డిస్క్రైబ్-సబ్‌నెట్స్’ కొడితే షేర్ అయిన సబ్‌నెట్‌లు కనిపిస్తాయి, వాటి ఓనర్ నంబర్ కనిపిస్తుంది, ఐపీ రేంజ్ కనిపిస్తుంది. పేరు గడి మాత్రం ఖాళీగా ఉంటుంది. “ప్రైవేట్-యాప్-ఏ సబ్‌నెట్‌లో పెట్టండి” అని మెయిల్ వస్తే, ఏది ప్రైవేట్-యాప్-ఏ అని ఇక్కడ వెతికి లాభం లేదు. పేర్లతో కాకుండా ఐడీలతో, ఐపీ రేంజ్‌లతో మాట్లాడుకోవడం ఒక్కటే దారి. పుచ్చుకున్న టీమ్ తన అకౌంట్‌లో తనకంటూ ట్యాగ్‌లు పెట్టుకున్నా, అవి తన అకౌంట్‌కే పరిమితం. పేర్లు నిజంగా అవసరమైతే, ఓనర్ అకౌంట్‌లో చూడటానికి మాత్రమే పనికొచ్చే ఒక రోల్ ఇప్పించుకుని, దాన్ని ప్రొఫైల్‌గా రాసుకోవచ్చు. అప్పుడు ఒకే ల్యాప్‌టాప్ నుంచి రెండు ప్రొఫైళ్లతో, రెండు వైపులా నిలబడి చూసినట్టవుతుంది. ఈ ఏర్పాటు ప్రతి జిల్లా టీమ్‌కూ మొదటి రోజే ఉండాలి. చూసే హక్కు ఇవ్వడానికి మొహమాటపడి, పని ఆగినప్పుడు హడావుడిగా అడ్మిన్ హక్కు ఇవ్వడం కన్నా ఇది ఎన్నో రెట్లు నయం.

జోన్ల (ఒక రీజియన్‌లోని విడివిడి డేటాసెంటర్ గుంపుల) విషయంలో కూడా పేరును నమ్మకూడదు. ముంబై రీజియన్‌లో ‘ఏపీ-సౌత్-1ఏ’ అన్న పేరు ఒక అకౌంట్‌లో ఒక జోన్‌ను, ఇంకో అకౌంట్‌లో వేరే జోన్‌ను సూచించవచ్చు. అందరూ మొదటి పేరున్న జోన్‌నే ఎంచుకుని అక్కడే రద్దీ చేయకుండా ఏడబ్ల్యూఎస్ ఇలా పేర్లను కలగాపులగం చేసింది. అన్ని అకౌంట్లలోనూ మారనిది జోన్ ఐడీ, అంటే ‘ఏపీఎస్1-ఏజెడ్1’ లాంటిది. డిస్క్రైబ్-సబ్‌నెట్స్ జవాబులో జోన్ పేరు, జోన్ ఐడీ రెండూ ఉంటాయి. ఐడీనే చూడాలి. లేదంటే డేటాబేస్ ఒక జోన్‌లో, అప్లికేషన్ ఇంకో జోన్‌లో పడి, రెండింటి మధ్య తిరిగే డేటాకు నెలనెలా బిల్లు పడుతుంది. ఎందుకు పడుతోందో ఎవరికీ అర్థం కాదు.

ఇక ఆహ్వానాల సంగతి. రెండు అకౌంట్లూ ఒకే ఆర్గనైజేషన్‌లో ఉండి, ఆర్గనైజేషన్ లోపలి షేరింగ్ ఆన్ అయి ఉంటే, షేర్ చేయగానే అవతలి వాళ్లకు అందుతుంది, ఎవరూ ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. లేకపోతే ఆహ్వానం వెళ్తుంది, పుచ్చుకునేవాళ్లు ఒప్పుకునేదాకా వస్తువులు లిస్ట్‌లోకి రావు. ‘ర్యామ్ గెట్-రిసోర్స్-షేర్-ఇన్విటేషన్స్’ కొడితే అది పెండింగ్‌లో ఉందో, గడువు దాటిందో తెలుస్తుంది. గడువు దాటితే మళ్లీ పంపమని అడగాలి. దీన్ని కూడా అదే రీజియన్‌లో అడగాలి. సబ్‌నెట్‌లైతే బయటి అకౌంట్లకు షేర్ కానే కావు, ఒకే ఆర్గనైజేషన్‌లో ఉండాల్సిందే. డిఫాల్ట్ వీపీసీలోని (అకౌంట్‌తో పాటే వచ్చే ప్రైవేట్ నెట్‌వర్క్‌లోని) సబ్‌నెట్‌లను అసలు షేర్ చేయలేం. ఫ్రీలాన్స్‌గా పనిచేసే వాళ్లు తమ సొంత అకౌంట్‌లోకి క్లయింట్ సబ్‌నెట్ షేర్ చేయమని అడగడం అందుకే కుదరదు.

ఆర్గనైజేషన్ లోపలి షేరింగ్‌ను ఆన్ చేయాల్సింది దాన్ని నడిపే మేనేజ్‌మెంట్ అకౌంట్. ర్యామ్ ద్వారానే ఆన్ చేయాలి. ‘ర్యామ్ ఎనేబుల్-షేరింగ్-విత్-ఏడబ్ల్యూఎస్-ఆర్గనైజేషన్’ అనే కమాండ్ ఉంది. ఆర్గనైజేషన్స్ కన్సోల్‌లో మీట నొక్కి అయిపోయిందనుకుంటే, ర్యామ్‌కు కావాల్సిన సర్వీస్ రోల్ తయారు కాదు. అప్పుడు ఒక విభాగానికి షేర్ చేయబోతే ఆర్గనైజేషన్ దొరకలేదని చెబుతుంది.

ఎర్రర్‌కూ ఖాళీకీ తేడా పట్టుకోవడం రావాలి. పర్మిషన్ లేకపోతే యాక్సెస్ డినైడ్ అని స్పష్టంగా వస్తుంది, ఖాళీ రాదు. కాబట్టి ఖాళీ వచ్చిందంటే పర్మిషన్ల మీద అనుమానపడి వాటిని పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు. చూడటానికి అవసరమైనవన్నీ కలిపి ఏడబ్ల్యూఎస్ ఒక రెడీమేడ్ పాలసీ (హక్కుల జాబితా) ఇచ్చింది. ర్యామ్ వరకు చదవడానికి మాత్రమే పనికొచ్చేది అది. కొత్తగా చేరినవాళ్లకు అది చాలు.

పైన చెప్పిందంతా ర్యామ్ ద్వారా షేర్ అయినవాటి గురించే. ర్యామ్ గడప తొక్కకుండా షేర్ అయ్యేవి బోలెడున్నాయి, వాటిలో ప్రతిదానికీ విడి దారి. మెషిన్ ఇమేజ్‌లైతే (కొత్త మెషిన్లు తయారు చేసే అచ్చులు) ‘ఈసీ2 డిస్క్రైబ్-ఇమేజెస్ --ఎగ్జిక్యూటబుల్-యూజర్స్ సెల్ఫ్’ అని అడగాలి. ఇక్కడ ‘సెల్ఫ్’ (చిన్న అక్షరాల్లోనే) అంటే నాకు షేర్ అయినవి అని అర్థం. ర్యామ్‌లో ‘సెల్ఫ్’ అంటే నేను ఇచ్చినవి. ఒకే మాటకు రెండు సర్వీసుల్లో ఎదురెదురు అర్థాలు పెట్టడం ఏ రకంగానూ సమర్థించలేని డిజైన్, నేర్చుకునేవాళ్లు తికమక పడటంలో వాళ్ల తప్పేమీ లేదు. డిస్క్ స్నాప్‌షాట్‌లకు (ఒక క్షణంలో తీసిన డిస్క్ కాపీలకు) ‘డిస్క్రైబ్-స్నాప్‌షాట్స్ --రీస్టోరబుల్-బై-యూజర్-ఐడీస్ సెల్ఫ్’. ఏ వడపోతా పెట్టకుండా అడిగితే ఆ రీజియన్‌లోని పబ్లిక్ స్నాప్‌షాట్‌లన్నీ వచ్చి మీద పడతాయి. ఆర్‌డీఎస్ (డేటాబేస్ సర్వీసు) స్నాప్‌షాట్‌లకు ‘--స్నాప్‌షాట్-టైప్ షేర్డ్’ అని చెప్పాలి, మామూలుగా అడిగితే ఇతరులు ఇచ్చినవి చూపించదు. ఎన్‌క్రిప్ట్ చేసిన స్నాప్‌షాట్ లిస్ట్‌లో కనిపించినా, దాని కేఎంఎస్ కీ (ఎన్‌క్రిప్షన్ తాళంచెవి) వాడుకునే హక్కు విడిగా రాకపోతే దాంతో ఏమీ చేయలేం.

ఎస్3 బకెట్ల (ఫైళ్లు దాచే చోట్ల) సంగతి మరీ ఇబ్బంది. ‘ఎస్3 ఎల్ఎస్’ కొడితే మన అకౌంట్ సొంత బకెట్లే వస్తాయి. అవతలి వాళ్లు బకెట్ పాలసీలో మన అకౌంట్‌కు హక్కు ఇచ్చినా ఆ బకెట్ ఈ లిస్ట్‌లోకి ఎప్పటికీ రాదు. బకెట్ పేరు తెలిసి, ఆ పేరు పెట్టి అడిగితేనే లోపలివి కనిపిస్తాయి. కేఎంఎస్ కీలదీ ఇదే తంతు. వీటి విషయంలో పుచ్చుకునే వాళ్లు ఎన్ని కమాండ్లు కొట్టినా ప్రయోజనం లేదు, ఇచ్చినవాళ్లు పేరో ఏఆర్ఎన్నో రాసి పంపాల్సిందే. గూగుల్ క్లౌడ్ ఈ ఒక్క విషయంలో కాస్త మెరుగు. అక్కడ ‘సబ్‌నెట్స్ లిస్ట్-యూజబుల్’ అనే కమాండ్ ఉంది. ఎవరిదన్న గొడవ లేకుండా, వాడుకోగలిగిన సబ్‌నెట్‌లు ఏవో చూపిస్తుంది.

ఇచ్చేవాళ్ల వైపు నుంచి చూడటం కూడా అంతే అవసరం. ప్రాజెక్టు అయిపోయాక, కాంట్రాక్టు ముగిశాక, ఎవరికి ఏం ఇచ్చి ఉన్నామో హెడ్డాఫీసు ‘సెల్ఫ్’ అని అడిగి చూసుకోవాలి. ‘ర్యామ్ గెట్-రిసోర్స్-షేర్-అసోసియేషన్స్’ వస్తువులనూ, పుచ్చుకున్నవాళ్లనూ విడివిడిగా చూపిస్తుంది. బకెట్లు, కీల లాంటి ర్యామ్ బయటి షేరింగ్‌లను పట్టుకోవడానికి ఐఏఎం యాక్సెస్ అనలైజర్ ఉంది. బయటి అకౌంట్లకు దారి ఇస్తున్న పాలసీలను వెతికి బయట పెడుతుంది.

సబ్‌నెట్ షేర్ తీసేసినప్పుడు జరిగేది మాత్రం రెండు టీమ్‌లకూ ముందే తెలిసి ఉండాలి. నల్గొండ టీమ్ అప్పటికే ఆ సబ్‌నెట్‌లో నడుపుతున్న మెషిన్లు ఆగవు. కొత్తవి మాత్రం పెట్టలేరు. అప్పుడు ‘అదర్-అకౌంట్స్’ అని అడిగితే లిస్ట్ ఖాళీగా వస్తుంది, అదే సమయంలో ‘డిస్క్రైబ్-ఇన్‌స్టాన్సెస్’లో మెషిన్లు రన్నింగ్ అని కనిపిస్తాయి, వాటి బిల్లు నల్గొండ అకౌంట్ మీదే పడుతుంది. హెడ్డాఫీసు ఆ సబ్‌నెట్‌ను డిలీట్ చేయబోతే కుదరదు. ఓనర్‌కు అవతలి వాళ్ల మెషిన్లను తీసే హక్కు లేదు. కానీ ఆ సబ్‌నెట్‌లోని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లను (మెషిన్‌ను నెట్‌వర్క్‌కు కలిపేవాటిని) ‘డిస్క్రైబ్-నెట్‌వర్క్-ఇంటర్‌ఫేసెస్’తో చూసి, ఏది ఏ అకౌంట్‌దో తెలుసుకోవచ్చు. ఆ అకౌంట్ నంబర్ పట్టుకుని ఎవరికి ఫోన్ చేయాలో అప్పుడు తెలుస్తుంది.